ఊరి పక్కన గని వస్తోందట: చిత్తూరు, తిరుపతి జిల్లాల నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రానైట్ క్వారీ కావచ్చు, కంకర క్వారీ కావచ్చు, కుప్పం వైపు బంగారు గని కావచ్చు. పేపర్లో ప్రజాభిప్రాయ సేకరణ సభ నోటీసు పడిన మర్నాటి నుంచి వచ్చే అనుమానాలు మాత్రం ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. వాటిని అడిగినవాళ్ల మాటల్లోనే ఇక్కడ పెట్టాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. గని కావాలనేవాళ్లకూ వద్దనేవాళ్లకూ నియమాలు ఒకటే కాబట్టి ఇద్దరికీ ఇది పనికొస్తుంది.

## నోటీసు రాకముందు

ప్రజాభిప్రాయ సేకరణ అంటే ఓటింగా? ఎక్కువమంది వద్దంటే గని ఆగిపోతాదా?

ఓటింగు కాదు. చేతులెత్తించి లెక్కపెట్టేది ఉండదు, మెజారిటీ అన్న మాటే లేదు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ (అందరూ ఈఐఏ నోటిఫికేషన్ అంటారు) ఈ సభకు అప్పగించిన పని చిన్నది: స్థానికుల అభ్యంతరాలు రాసుకోవాలి, వాటికి కంపెనీ చేత జవాబు చెప్పించాలి. ఆ జవాబులు కంపెనీ ఇచ్చే తుది పర్యావరణ నివేదికలో చేరాలి. నిపుణుల కమిటీ ముందుకు వెళ్లేది ఆ కాగితాలే.

అందుకే ఏం మాట్లాడామన్నది ఎంతమంది వచ్చామన్నదానికంటే ముఖ్యం. వెయ్యిమంది "గని వద్దు" అని అరిస్తే మినిట్స్‌లో (సభ రికార్డులో) ఒక్క వాక్యం పడుతుంది: స్థానికులు వ్యతిరేకించారు. ఒకాయన లేచి "ఈ సర్వే నంబరు పక్కన పారే వంక మా చెరువుకు ఆధారం, మీ మ్యాపులో ఆ వంకే లేదు" అంటే అది విడి అంశం అవుతుంది. దానికి విడిగా జవాబు రాయక తప్పదు.

మా ఊళ్లో మూడు క్వారీలు వచ్చినాయి, ఒక్కదానికీ మీటింగు పెట్టలేదు. ఎందుకని?

గ్రానైట్, కంకర, గ్రావెల్ లాంటి చిన్నతరహా ఖనిజాలకు లీజు 5 హెక్టార్లు, అంటే సుమారు 12 ఎకరాల 35 సెంట్లు దాటకపోతే సభ అక్కర్లేదు. 4.9 హెక్టార్ల లీజులు అన్ని కనబడుతున్నాయంటే కారణం ఊహించడం కష్టం కాదు.

అయితే దీనికి ఒక కళ్లెం ఉంది. ఒకే రకం ఖనిజానికి ఇచ్చిన రెండు లీజుల అంచుల మధ్య దూరం 500 మీటర్ల లోపుంటే వాటిని క్లస్టర్‌గా కలిపి లెక్కేయాలి. ఆ మొత్తం 5 హెక్టార్లు దాటితే సభ పెట్టాల్సిందే. ఈ లెక్కలోకి వచ్చేవి 2013 సెప్టెంబరు 9 నుంచి ఇచ్చిన లీజులు. మూడేళ్లకు పైగా పని చేయనివి, 2016 జనవరి 15 నాటికే పర్యావరణ అనుమతి ఉన్నవి లెక్కలోకి రావు. కాబట్టి పక్క క్వారీల లీజు తేదీలు, విస్తీర్ణాలు గనుల శాఖ నుంచి తెచ్చుకుని, గ్రామ పటం మీద 500 మీటర్ల గీత గీసి చూడండి. దూరం కొలవాల్సింది లీజు హద్దురాయి నుంచి. ఇప్పుడు తవ్వుతున్న గుంత నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది.

గ్రామసభలో తీర్మానం చేస్తే చాలదా? ఒడిశాలో నియమగిరి అట్లాగే ఆగింది కదా?

అక్కడి చట్టాలు వేరు. నియమగిరి కొండల్లో బాక్సైట్ గని మీద 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అటవీ హక్కుల చట్టం మీద, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు ఉన్న అధికారం మీద నిలబడింది. మన రాష్ట్రంలోని అనంతగిరి గనుల మీద 1997లో వచ్చిన సమత తీర్పు కూడా షెడ్యూల్డ్ ప్రాంతం గురించే. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. ఇక్కడ గ్రామసభ "వద్దు" అన్నంత మాత్రాన గని ఆగదు.

అయినా తీర్మానం చేయండి. అడిగిన భూమిలో రిజర్వు ఫారెస్టు ఉండి, అక్కడ యానాదులో ఇతర గిరిజనులో అటవీ ఫలసాయం మీద బతుకుతుంటే అటవీ హక్కుల చట్టం ఇక్కడా వర్తిస్తుంది. ఫారెస్టు లేకపోయినా, కారణాలతో రాసిన తీర్మానాన్ని సభలో ఇస్తే అది రికార్డులో చేరుతుంది. "గ్రామసభ ఏకగ్రీవంగా వ్యతిరేకించినది" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే మాత్రం దాని బరువు అంతే.

సర్పంచ్ ముందే ఎన్‌వోసీ ఇచ్చేసినాడంట. ఇంక మన మాట చెల్లదా?

చెల్లుతుంది. పంచాయతీ ఎన్‌వోసీకీ (అభ్యంతరం లేదన్న పత్రానికీ) ప్రజాభిప్రాయ సేకరణకూ సంబంధం లేదు. ఆ ఎన్‌వోసీ గ్రామసభ పెట్టి ఇచ్చిందా, పంచాయతీ పాలకవర్గం తీర్మానమా, ఉత్త లెటరుహెడ్డు మీద సంతకమా చూడండి. మినిట్స్ పుస్తకంలో ఆ తేదీ పేజీ నకలు అడగండి.

లీజు అడిగిన భూమిలో నా డీకేటీ పట్టా ఉండాది. నాకు చెప్పకుండానే ఇచ్చేస్తారా?

ఖనిజం మీద హక్కు, నేల మీద హక్కు రెండూ వేర్వేరు. లీజు వచ్చినంత మాత్రాన పొలం వాళ్లది కాదు. సొంత పట్టా అయితే మీ సమ్మతి కావాలి, లేదంటే చట్టప్రకారం పరిహారం తేల్చాలి. ప్రైవేటు కంపెనీ కోసం ప్రభుత్వం భూసేకరణ చేస్తే 2013 చట్టం ప్రకారం 80 శాతం కుటుంబాల సమ్మతి ఉండాలి.

డీకేటీ (ప్రభుత్వం అసైన్ చేసిన భూమి) దగ్గర చిక్కు వేరు. 1977 అసైన్డ్ భూముల చట్టం వల్ల దాన్ని మామూలు పట్టాలా అమ్ముకోవడం, రాసివ్వడం కుదరదు. క్వారీ మనిషికి తెల్లకాగితం మీద అగ్రిమెంటు రాసిచ్చారంటే షరతు తప్పారని భూమి వెనక్కి పోయే ప్రమాదం మీకే. అడంగల్, 1బీ, ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) నకళ్లు ముందే తీసిపెట్టుకోండి. సాగులో ఉన్న డీకేటీ భూమి రికార్డుల్లో "అనాధీనం" అనో "గుట్ట పోరంబోకు" అనో పడి ఉండటం మన వైపు కొత్తేమీ కాదు. లీజు మ్యాపు తయారయ్యేది ఆ రికార్డును బట్టే.

బంగారు గని అయితే తేడా ఏముంటాది?

బంగారం ప్రధాన ఖనిజం. దాన్ని వేలం వేస్తారు, లీజు విస్తీర్ణమూ పెద్దది. గుడుపల్లె మండలం చిగురుగుంట, బిసానత్తం గనుల్లో కోలారు గనుల సంస్థే తవ్వింది. 2001లో అన్నీ మూతపడ్డాయి. గ్రానైట్‌లో రాయిని కోసి లారీ ఎక్కిస్తారు, మిగిలేది రాతి వ్యర్థం. బంగారంలో టన్ను రాయి పొడి చేస్తే వచ్చేది కొన్ని గ్రాములే. మిగతాదంతా పిండి. సైనైడుతో శుద్ధి చేస్తే ఆ పిండిని ఎక్కడ పోస్తారు, కింద ఏం పరుస్తారు, గాలికి లేవకుండా ఏం చేస్తారన్నది మొదటి ప్రశ్న కావాలి. కేజీఎఫ్‌లో (కోలారు బంగారు గనుల దగ్గర) సైనైడ్ దిబ్బలు చూసినవాళ్లకు ఎండాకాలం గాలి ఏం చేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. శుద్ధి ఇక్కడే చేస్తారా, రాయిని వేరేచోటికి తీసుకెళ్తారా అన్నది నివేదికలో తేలకపోతే సభలో తేల్చుకోండి.

కీలక, వ్యూహాత్మక ఖనిజాల జాబితాలో ఉన్నవాటికి 2025 సెప్టెంబరులో కేంద్రం ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆ జాబితాలో బంగారం లేదు, గ్రానైట్ లేదు.

## నోటీసు నుంచి సభ దాకా

నోటీసు యాడ వేస్తారు? మేం పేపరే తెప్పించుకోము.

ఒక జాతీయ దినపత్రికలో, ఒక తెలుగు దినపత్రికలో వేయాలి. సభకు కనీసం 30 రోజుల ముందు రావాలి. రోజులు లెక్కపెట్టి చూడండి, 28, 29 అయితే అదే ఒక అభ్యంతరం. ముసాయిదా నివేదిక, దాని తెలుగు సారాంశం కలెక్టరేట్, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కేంద్రం, సంబంధిత పంచాయతీ, కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయాల్లో చూడటానికి ఉంచాలి. మండలి ప్రాంతీయ కార్యాలయం తిరుపతిలో ఉంది. పర్యావరణ శాఖ వారి పరివేష్ వెబ్‌సైటులో కూడా ఫైలు దొరుకుతుంది. పంచాయతీ ఆఫీసులో "ఇంకా రాలేదు" అంటే ఆ తేదీ వేసి, అడిగినట్టు ఒక అర్జీ ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోండి.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. లీజు రెండు జిల్లాల్లోకి వస్తే జిల్లాకొక సభ పెట్టాలి. పాత ఉమ్మడి చిత్తూరు మ్యాపుతో లాగించేస్తే ఒప్పుకోకండి.

రిపోర్టు మూడు వందల పేజీలుండాది, అదీ ఇంగ్లీషులో. ఏ పేజీలు చూస్తే చాలు?

ముందు తెలుగు సారాంశం చదవండి. దాన్ని పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నివేదికలో ఐదు చోట్లు తీయండి. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు ఇద్దరు కూర్చుంటే ఒక ఆదివారం పని.

మొదటిది లీజు హద్దుల పట్టిక. అందులోని అక్షాంశ, రేఖాంశాలను ఫోను మ్యాపులో వేసి చూస్తే గని అసలు ఎక్కడో కళ్లకు కడుతుంది. ఊరికి, బడికి, చెరువుకు రాసిన దూరాలు అక్కడే సరిచూడొచ్చు. "సమీప నివాసం 1.2 కిలోమీటర్లు" అని రాసి ఉంటుంది, మీ ఎస్సీ కాలనీ 400 మీటర్లలో ఉంటుంది. పాత మ్యాపులో కొత్త కాలనీలు ఉండవు.

రెండోది నీటి వనరుల పటం. వంకలు, కుంటలు, చెరువులకు పారే కాలవలు అన్నీ పడ్డాయా? ఎండాకాలం ఎండిపోయే వంకను "వంక లేదు" అని రాసేస్తారు.

మూడోది వ్యర్థం లెక్క. గ్రానైట్‌లో ఇదే అసలు కథ. ఏటా 5,000 ఘనపు మీటర్ల దిమ్మెలు తీస్తామని, పనికొచ్చే రాయి 20 శాతమని రాశారనుకోండి. అంటే తవ్వాల్సింది 25,000, మిగిలే వ్యర్థం 20,000. పగిలిన రాయి ఉబ్బుతుంది కాబట్టి కుప్ప పోసేసరికి 26,000 దాకా అవుతుంది. 10 మీటర్ల ఎత్తున పోసినా ఏడాదికి 2,600 చదరపు మీటర్లు, అంటే సుమారు 65 సెంట్లు. ఇరవై ఏళ్లకు 13 ఎకరాలు. లీజే 12 ఎకరాలైతే గుంత ఎక్కడ, కుప్ప ఎక్కడ? కొంత వ్యర్థం క్రషర్లకు పోతుందంటారు. ఏ క్రషరుకు, ఏటా ఎంత అని అడగండి. ఈ ఒక్క లెక్క చేసి చూపిస్తే చాలా ప్రజెంటేషన్లు అక్కడే తడబడతాయి.

నాలుగోది గాలి, నీరు, శబ్దం కొలిచిన నెలలు, కొలిచిన చోట్లు. ఐదోది పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో డబ్బుల పట్టిక. నీళ్ల ట్యాంకరుకు ఏడాదికి ఎంత రాశారో చూస్తే దుమ్ము మీద ఎంత శ్రద్ధ ఉందో తెలిసిపోతుంది.

వేరే జిల్లా నది పేరు, ఇక్కడ పండని పంట, సముద్రతీర చెట్లు కనబడితే పేజీ నంబరు రాసుకోండి. వేరే నివేదిక నుంచి ఎత్తిరాసిన గుర్తులవి.

గాలి లెక్కలన్నీ పరిమితి లోపలే ఉన్నాయని రాసినారు. నమ్మొచ్చా?

అంకెలు నిజమే కావచ్చు. ఏ నెలల్లో కొలిచారో చూడండి. వానాకాలం కాని ఒక సీజన్‌లో, మూడు నెలలు కొలిస్తే చాలని నియమం. దేశం మొత్తానికి వానాకాలమంటే జూన్ నుంచి సెప్టెంబరు. మనకు ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గట్టిగానే పడుతుంది. కాగితం మీద అది "వర్షాకాలం తర్వాత" సీజన్. తుపాను వానకు నేలంతా తడిసి ఉన్నప్పుడు దుమ్ము తక్కువ చూపించక ఏం చేస్తుంది?

పీఎం 10 అనే సన్న దుమ్ముకు జాతీయ ప్రమాణం 24 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. అక్టోబరు, డిసెంబరు మధ్య కొలిచిన అంకె 60 ఉంటే, మార్చి, మే మధ్య ఎంత ఉంటుందని అడగండి. ఎండాకాలంలో మళ్లీ కొలవాలన్న కోరిక సహేతుకమైనదే. కొలిచిన చోట్లు గాలి వీచే వైపు ఉన్నాయా, ఎదురువైపు ఉన్నాయా అన్నదీ చూడండి.

క్వారీ వస్తే మా బోర్లు ఎండిపోతాయా?

అన్ని చోట్లా ఎండవు, ఎక్కడా ఎండవనీ చెప్పలేం. మన నేల కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లుండేది రెండే చోట్ల: పైన చివికిన రాతిపొరలో, కింద పగుళ్లలో. మీ బోరుకు కేసింగ్ ఎన్ని అడుగులు దించారో అదే ఇంచుమించు ఆ చివికిన పొర మందం. గుంత ఆ పొరను దాటి దిగితే చుట్టుపక్కల పైపొర నీళ్లు గుంతలోకి కారతాయి, వాటిని మోటరు పెట్టి తోడేస్తారు. పగులును కోస్తే ఆ పగులు మీద ఉన్న బోరు దెబ్బతింటుంది, దాని పక్క బోరుకు ఏమీ కాకపోవచ్చు.

"గని జలమట్టాన్ని తాకదు" అన్న వాక్యాన్ని ఇలా పరీక్షించండి. గని పైభాగం సముద్రమట్టానికి 720 మీటర్లు, లోతు 40 మీటర్లు అంటే అడుగు 680. మీ బావి దగ్గర నేల 700, నీళ్లు 12 మీటర్ల లోతులో ఉంటే నీటిమట్టం 688. గని అడుగు మీ నీళ్లకంటే 8 మీటర్లు కిందికి పోతోంది. ఎత్తులు నివేదికలోని పటంలోనే ఉంటాయి.

సభకు ముందే ఊళ్లో బోర్ల పట్టిక రాయండి. సర్వే నంబరు, బోరు లోతు, కేసింగ్, దించిన కాలమ్ పైపులు (ఒక్కోటి 20 అడుగులు), మోటరు ఎన్ని హెచ్‌పీ, 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతోంది, ఎన్ని గంటలకు గ్యాప్ ఇస్తోంది (నీళ్లు ఆగుతున్నాయి). "రెండించీల నీళ్లు" అని చెబితే కాగితం మీద నిలవదు, డ్రమ్ము, సెకన్లు నిలుస్తాయి. ఏప్రిల్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి కొలిచి తేదీ వేయండి. రేపు నష్టం జరిగితే "ముందు ఎంత ఉండేది" అన్న ప్రశ్నకు జవాబు ఈ పట్టికే.

బ్లాస్టింగుకు ఇండ్లు బీటలిస్తాయని భయం. దానికి లెక్కేమైనా ఉందా?

ఉంది. అదురును నేల కదిలే వేగంతో, సెకనుకు ఇన్ని మిల్లీమీటర్లని కొలుస్తారు. గనుల భద్రతా శాఖ 1997 సర్క్యులర్ ప్రకారం గని యజమానివి కాని ఇండ్ల దగ్గర ఆ వేగం, అదురు పౌనఃపున్యం 8 హెర్ట్జ్ లోపుంటే 5, 8 నుంచి 25 మధ్య 10, ఆపైన 15 దాటకూడదు. సున్నితమైన పాత కట్టడాలకు ఇంకా తక్కువ: 2, 5, 10. కంపెనీని అడగాల్సింది: ఒక్కో డిలేకు (ఒకేసారి పేలే విడతకు) ఎన్ని కిలోల మందు, రోజుకు ఎన్నిసార్లు, ఏ వేళకు, ఊరి మొదటి ఇంటి దగ్గర కొలిచే యంత్రం పెడతారా?

గ్రానైట్ దిమ్మెలు వైర్ సాతో (తీగ రంపంతో) కోస్తారు కాబట్టి అదురు తక్కువ. పైనున్న పనికిరాని రాయిని తీయడానికి మాత్రం పేలుస్తారు. కంకర క్వారీలో పేలుడే పని.

ఉన్న బీటలను ఇప్పుడే రికార్డు చేయండి. బీటకు అటూ ఇటూ పెన్సిలుతో చుక్క పెట్టి, చుక్కల మధ్య దూరం స్కేలుతో కొలిచి, గోడ మీదే తేదీ రాసి, స్కేలుతో సహా ఫోటో తీయండి. మీ ఇంట్లో పాత బీట లేదని చూపించే ఫోటోకూ అంతే విలువ. మట్టి మిద్దెలు, రాతి గోడల ఇండ్లు ఎన్నో లెక్క రాసి సభలో ఇవ్వండి.

పట్టుపురుగులకు, మామిడికి దుమ్ముతో నష్టమని ఎట్లా చూపించేది?

పలమనేరు, కుప్పం వైపు చాలా నివేదికల్లో పంటల పట్టికలో వరి, వేరుశనగ ఉంటాయి, మల్బరీ ఉండదు. అది అడగాల్సిన మొదటి తప్పు. దుమ్ము పట్టిన ఆకును పురుగు సరిగా తినదు, తిన్నా రోగం పడుతుంది. నాలుగో జ్వరం (పురుగు కుబుసం విడిచే దశ) లేచాక తినేదే ఎక్కువ కాబట్టి ఆ వారం ఆకు చెడితే పంట మొత్తం పోతుంది. గత రెండు మూడేళ్ల పట్టుగూళ్ల మార్కెట్ రసీదులు, వంద గుడ్లకు ఎన్ని కిలోలు వచ్చాయో రాసిపెట్టుకోండి. తోతాపురి మామిడికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పూత. పూత మీద దుమ్ము పడితే పిందె తగ్గుతుంది. ఆ నెలల్లో రోడ్డు తడపడం, పేలుళ్ల వేళలు ప్రత్యేకంగా రాయించమని అడగండి. "పంటలకు నష్టం" అన్న మాటకంటే "డిసెంబరు నుంచి ఫిబ్రవరి, ఇన్ని ఎకరాల మామిడి, ఈ రోడ్డు పక్కన" అన్నది రికార్డులో బలంగా నిలుస్తుంది.

రోజుకు ఎన్ని టిప్పర్లు తిరుగుతాయో ముందే తెలుస్తాదా?

మీరే లెక్కేయొచ్చు. ఏటా 2,00,000 టన్నులు, 300 పని దినాలు, టిప్పరుకు 20 టన్నులు అనుకుంటే రోజుకు 33 లోడ్లు. పోను రాను 66 సార్లు. పది గంటల పనికి తొమ్మిది నిమిషాలకొకటి. అది బడి ముందు నుంచి పోతుందా, రోడ్డు వెడల్పెంత, కల్వర్టు ఎంత బరువు మోస్తుంది అన్నవి ప్రశ్నలు. బడి వదిలే వేళ టిప్పర్లు ఆపే షరతు రాయించడం కంపెనీకీ కష్టం కాదు.

మా వైపు ఏనుగులు తిరుగుతాయి. రిపోర్టులో కుందేళ్లు, నెమళ్లు అనే ఉండాది.

పంట నష్టపరిహారం కోసం రేంజ్ ఆఫీసులో మీరు ఇచ్చిన అర్జీలే ఏనుగులొచ్చాయనడానికి ప్రభుత్వ సాక్ష్యం. గత ఐదేళ్లలో మీ పంచాయతీ నుంచి వచ్చిన అర్జీల తేదీలు, సర్వే నంబర్లు సమాచార హక్కు కింద తీసుకోండి. కౌండిన్య అభయారణ్యం సరిహద్దు నుంచి గనికి దూరం ఎంతో నివేదికలో చూసి, ఫోను మ్యాపులో సరిచూడండి.

గుట్ట మీద గుడి ఉండాది. దాన్ని చూపించి ఆపొచ్చా?

పురావస్తు శాఖ రక్షణలోని కట్టడమైతే 100 మీటర్ల లోపల నిషేధం, ఆపై 200 మీటర్లు అనుమతి ఉంటే తప్ప కుదరదు. ఊరి గుడికి ఆ రక్షణ ఉండదు. దేవాదాయ శాఖ రిజిస్టరులో ఉందేమో చూడండి. మెట్లదారి, తిరునాళ్ల వేళ జనం నడిచే దారి లీజు హద్దులో పడితే ఆ ముక్క మినహాయించమని అడగడం పట్టు దొరికే మార్గం.

సమాచార హక్కు అర్జీకి ఎంత కట్టాలి?

మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజుల గడువు. సభకు గడువూ 30 రోజులే కాబట్టి నోటీసు పడేదాకా ఆగితే జవాబు సభ అయ్యాక వస్తుంది.

లెటరు ఎవరికి, ఎట్లా రాయాల?

కాలుష్య నియంత్రణ మండలి సభ్య కార్యదర్శికి, నకలు తిరుపతి ప్రాంతీయ కార్యాలయానికి, కలెక్టరుకు. పైన ప్రాజెక్టు పేరు, లీజు సర్వే నంబర్లు, నోటీసు తేదీ. తర్వాత అంశానికొక అంకె వేసి: నివేదిక పేజీ, అక్కడ రాసింది, నేల మీద ఉన్నది, మీరు కోరేది. నాలుగే వాక్యాలు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి, సభ రోజు ఇంకో కాపీ చేతికిచ్చి స్టాంపు వేయించుకోండి. ఒకే లెటరు ఐదువందల జిరాక్సులు తీసి సంతకాలు పెడితే అది ఒక అభ్యంతరం కిందే లెక్క. ఐదుగురు ఐదు వేర్వేరు విషయాలు రాస్తే ఐదు.

## సభ రోజు

సభ ఎవరు నడుపుతారు? కంపెనీ వాళ్లేనా?

కాదు. కలెక్టరు, లేదా అదనపు జిల్లా మెజిస్ట్రేట్ హోదాకు తగ్గని ఆయన ప్రతినిధి అధ్యక్షత వహించాలి, పక్కన కాలుష్య మండలి ప్రతినిధి ఉంటారు. తహసీల్దారు ఒక్కరే కూర్చుని నడిపితే అది నియమం కాదు, ఆ మాట మైకులో చెప్పి రికార్డు చేయించండి. మొదట కంపెనీ మనిషి సారాంశం చెబుతాడు, తెలుగులో చెప్పమనండి. సభ మొత్తం వీడియో తీయాలి. కోరం (ఇంతమంది రావాలన్న లెక్క) లేదు, కాబట్టి "ఎవరం పోకుండా ఉంటే సభ జరగదు" అన్న ఆలోచన తప్పు. బహిష్కరిస్తే ఖాళీ కుర్చీల ముందు సభ జరుగుతుంది, "అభ్యంతరాలు రాలేదు" అని రాసుకుంటారు.

హాజరు పట్టీలో సంతకం పెడితే ఒప్పుకున్నట్టా?

కాదు, వచ్చారని మాత్రమే. అయితే పేజీ పైన ఏం రాసుందో చూసి పెట్టండి. పైభాగం ఖాళీగా ఉన్న కాగితం మీద ఎవరడిగినా సంతకం, వేలిముద్ర వేయొద్దు. మీ పేరు పక్కన ఊరు పేరు రాయండి. బయటి మండలాల నుంచి బస్సుల్లో వచ్చినవాళ్లు ఎవరో, ఊరివాళ్లు ఎవరో తర్వాత తేలేది అక్కడే.

మైకు మా దాకా రాదు. వచ్చినా రెండు నిమిషాలే ఇస్తారు. ఏం చెప్పాలి?

సభలో ఉన్న ప్రతి ఒక్కరికీ మాట్లాడే అవకాశం ఇవ్వాలని నోటిఫికేషనే చెబుతోంది. ముందే పంచుకోండి: ఒకరు నీళ్లు, ఒకరు రోడ్డు, ఒకరు వ్యర్థం కుప్ప, ఒకరు ఇండ్లు. ఆడవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టండి. నీళ్లు మోసేవాళ్లకు, పశువులను తోలుకుపోయేవాళ్లకు తెలిసిన దూరాలు మగవాళ్ల ఉపన్యాసాల్లో రావు. పేరు, ఊరు, ఒక్క విషయం, ఒక్క కోరిక చెప్పి, చేతిలో కాగితం అధికారికిచ్చి దిగిపోండి. పార్టీ మాటలు మొదలైతే ఆ పూట అంతే.

ఉద్యోగాలిస్తాం, బడి కట్టిస్తాం అంటున్నారు. నమ్మేదెట్లా?

గని కావాలనేవాళ్లు ఎక్కువ పట్టించుకోవాల్సిన ప్రశ్న ఇది. 2020 సెప్టెంబరు 30 నాటి కేంద్ర ఆదేశం ప్రకారం సభలో ఇచ్చిన హామీలు పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో పని పేరుతో, డబ్బుతో చేరాలి. కాబట్టి "బడి కట్టిస్తాం" అంటే ఎన్ని గదులు, ఎన్ని లక్షలు, ఏ ఏడాది అని అడిగి మైకులో చెప్పించండి. ఉద్యోగాలకు నివేదికలో కార్మికుల పట్టిక ఉంటుంది. అందులో స్థానికులు ఎందరు, ఏ పనికి అని విడదీయమనండి. వైర్ సా, ఎక్స్‌కవేటర్ ఆపరేటర్లను బయట నుంచి తెచ్చి, ఊరివాళ్లకు వాచ్‌మన్ పని ఒక్కటే మిగిల్చే లెక్క ఆ పట్టికలోనే బయటపడుతుంది.

మీటింగు అయిపోయింది, అందరం ఇంటికి పోదామా?

పోవద్దు. ఎక్కువ ఊళ్లు దెబ్బతినేది ఇక్కడే. చివర్లో సభ సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలి, అదే రోజు కలెక్టరు లేదా ప్రతినిధి సంతకం పెట్టాలి. మధ్యాహ్నం రెండయ్యేసరికి భోజనాల దగ్గరికి జనం పోతారు, చదివేటప్పుడు పదిమంది కూడా ఉండరు. ఇద్దరు పెన్ను, కాగితంతో ఆఖరుదాకా కూర్చుని, తప్పిన అంశాలు అక్కడికక్కడే చెప్పి చేర్పించాలి. ఫోనులో రికార్డు చేసుకోండి.

## సభ తర్వాత

మినిట్స్ మాకు ఇస్తారా?

పంచాయతీ, జిల్లా పరిషత్, కలెక్టరేట్, కాలుష్య మండలి కార్యాలయాల్లో ప్రదర్శించాలి, మండలి వెబ్‌సైటులో పెట్టాలి. సభ అయిన 8 రోజుల్లో మండలి వాటిని పైకి పంపాలి. మీ మాట తప్పుగా రాసుంటే అనుమతిచ్చే అధికార సంస్థకు, కంపెనీకి నేరుగా రాయొచ్చు. నిపుణుల కమిటీ అజెండా పరివేష్‌లో వస్తుంది. వారానికొకసారి చూసే పని ఒకరికి అప్పగించండి.

అనుమతి ఇచ్చేసినారు. ఇంక దారి లేదా?

జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో 30 రోజుల్లో అప్పీలు వేయాలి. సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల దాకా ఒప్పుకుంటారు. 90 దాటితే తలుపు మూసినట్టే. దక్షిణ బెంచి చెన్నైలో ఉంది, మనకు విజయవాడకంటే దగ్గర. నష్టపరిహారం అడగకపోతే ఫీజు వెయ్యి రూపాయలు. అనుమతి వచ్చిన సంగతి కంపెనీ స్థానిక పత్రికల్లో ప్రకటించాలి, పంచాయతీకి కాపీ ఇవ్వాలి. ఆ పేపరు కత్తిరించి దాచుకోండి, గడువు తగాదా వచ్చేది ఆ తేదీ మీదే. ట్రిబ్యునల్‌లో నిలిచేవి సభలో రాసిచ్చిన అభ్యంతరాలకు జవాబు రాకపోవడం, నోటీసు గడువు తప్పడం, నివేదికలో వంకో ఊరో దాచడం లాంటివి.

గని మొదలైనాక షరతులు పాటిస్తున్నారో లేదో ఎట్లా తెలిసేది?

ఏటా జూన్ 1, డిసెంబరు 1 తేదీలకు కంపెనీ షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. అది ప్రజలు చూడదగ్గ పత్రం. అనుమతి లేఖలోని షరతులు ఒక్కొక్కటే తీసి, అందులో ఏం రాశారో, నేల మీద ఏముందో చూడండి. "రోజుకు మూడుసార్లు నీళ్లు చల్లుతున్నాం" అని రాస్తే ట్యాంకరు వచ్చిన వేళలు పది రోజులు రాసిపెట్టండి. బోర్ల పట్టిక, బీటల ఫోటోలు ఆరు నెలలకోసారి కొత్తవి చేర్చండి.

జిల్లా ఖనిజ ఫౌండేషన్ డబ్బు మా ఊరికి వస్తాదా?

2015 సవరణతో వచ్చిన నిధి ఇది, గని యజమానులు రాయల్టీకి అదనంగా కడతారు. వాడాల్సింది గని వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసం: తాగునీరు, ఆరోగ్యం, చదువు ముందు వరసలో ఉంటాయి. దానంతట అది రాదు. దెబ్బతిన్న గ్రామాల జాబితాలో మీ ఊరు పేరుందో కలెక్టరేట్‌లో అడిగి, లేకపోతే గ్రామసభ తీర్మానంతో చేర్పించుకోవాలి.

తవ్వి వదిలేసిన గుంతలో పిల్లోళ్లు ఈతకు పోతున్నారు. ఎవరిని అడగాలి?

లీజుదారునే. మూసివేత ప్రణాళికలో కంచె, గట్టు రాసి ఉంటాయి. లీజు ముగిసి మనిషి కనబడకపోతే గనుల శాఖకు, తహసీల్దారుకు గుంత సర్వే నంబరు, లోతు, ఫోటోతో అర్జీ ఇవ్వండి. క్వారీ గోడలు నిట్టనిలువుగా ఉంటాయి, చెరువులా మెల్లగా దిగవు. దిగినవాడికి పట్టుకుని పైకెక్కడానికి ఏమీ దొరకదు. కంచె పడేదాకా ముళ్లకంపైనా వేయించండి.